పద్నాలుగు కలరా ఉండలు

కాలేజీలో ల్యాబ్ మామ మొలకు ఇరవై రెండేళ్లుగా వేలాడిన తాళాల గుత్తి, కొత్తగా ల్యాబ్ పనిలో చేరిన పిల్ల చేతికి నిన్న వెళ్లింది. ఉప్పు డబ్బాలో కలరా ఉండలు ఎలాగో కలిసిపోతే, ఆ పిల్ల వేడిచేసి దేనికది విడదీసిందట, ప్రిన్సిపాల్ మురిసి ముక్కలయ్యాడట. అప్పట్నుంచీ మామ కడుపులో ఉన్న మంట మీద ఊరందరికీ టీ కాచొచ్చు.

అందుకే ఇవాళ టీకొట్టు బెంచీ మీద, ప్రిన్సిపాల్ గుమస్తాకు బాగా వినబడేలా, గొంతు సవరించుకున్నాడు.

"అదేం గొప్ప! దానికి అగ్గిపుల్ల గీయడమే రాదు. చేసిందంతా నేను! పింగాణీ గిన్నెలో చెంచాడు వేసి, గాజు గరాటు బోర్లించి, దాని కాడలో దూది కుక్కి, సన్నసెగ పెట్టానా... ఉండల పొడి కరక్కుండానే ఆవిరై లేచి, చల్లటి గరాటు గోడకు మంచులా అంటుకుంది. ఉప్పు అడుగునుంచి కదిలితే ఒట్టు!"

"చెంచాడేనా?" అంది టీకొట్టు అక్క.

"అది మొదలు! ఆ తర్వాత ఏమైందో తెలుసా? బస్తా పోశాను. గరాటు చాలక నీళ్ల ట్యాంకు బోర్లించాను."

"ఒక్కడివే?"

"ఎడంచేత్తో! కుడిచేత్తో దూది కుక్కాలిగా, నాలుగు పరుపుల దూది! అయినా ఆగిందా? ఆవిరి ట్యాంకునే ఎత్తుకుపోయి మబ్బుల అడుగున పేరుకుంది. ఆ రాత్రి వానలో తడిసిన బట్టలకు ఇంతవరకూ పురుగు పట్టలేదు! అసలు పద్నాలుగు ఉండలు, ఉప్పంత సన్నగా నూరి కలిపినవి, కంటికి ఆనతాయా? నేను కాబట్టి పట్టాను!"

గుమస్తా గ్లాసు కింద పెట్టాడు. "మామా, పద్నాలుగని నీకెవరు చెప్పారు?"

"ఒకరు చెప్పేదేమిటి..."

"నూరారని ఎవరు చెప్పారు? పై అరలోంచి జారిపడి చితికాయనే ప్రిన్సిపాల్ గారితో సహా అందరం అనుకుంటున్నాం."

టీకొట్టు అక్క అల్లం దంచే రోలు ఎత్తి వాసన చూసింది. "ఓరి నీ దుంపతెగ! పోయినవారం దీన్ని అడిగి పట్టుకెళ్లింది ఆ పిల్లని ఇరికించడానికా? వచ్చినవాళ్లంతా నా టీలో బీరువా వాసనొస్తోందని తిడుతుంటే, అల్లం పాడైందనుకుని మూడుసార్లు పారబోశాను కదయ్యా!"

 మామ కరక్కుండా, కారకుండా, ఉన్నపళంగా బెంచీ మీంచి ఆవిరైపోయాడు.

గ్లాసు అడుగున సగం టీ మిగిలింది.