అత్తగారు పంచిన పొడి

బరువు తూచే గది. డాక్టరమ్మ, పెద్దకోడలు, ఆమెకు తోడుగా వచ్చిన అత్తగారు.

"దిగి మళ్ళీ ఎక్కండి."

"ఎక్కుతూనే ఉన్నాను డాక్టరమ్మా. చెప్పులు విప్పాను, వాచీ తీశాను. ఇంకేం తియ్యమంటారు?"

"ఏమీ తియ్యొద్దు. బరువు తగ్గారు. నడుము తగ్గింది. పరగడుపు చక్కెర కూడా దారిలోకి వస్తోంది. అదే నాకు అర్థం కావడం లేదు."

"తగ్గడానికే కదమ్మా మా కోడలికి పొడి ఇచ్చారు. తగ్గితే అర్థం కాకపోవడం ఏమిటి?"

"మీరు కాసేపు ఊరుకోండి అత్తయ్యా."

"పెద్దమ్మగారు అడిగింది న్యాయమే, చెప్తాను. నిన్న మీ తోడికోడలు వచ్చి చూపించుకుని వెళ్ళింది. ఆమె కూడా సరిగ్గా ఇంతే తగ్గింది."

"నాకన్నా ఎక్కువేం కాదుగా?"

"కాదు."

"ఊరికే అడిగాను."

"మొదటిరోజు చెప్పింది గుర్తుందా? ఈ పరీక్షలో కొన్ని డబ్బాల్లో అసలు పొడి ఉంటుంది. కొన్నిట్లో అదే రంగు, అదే రుచి ఉన్న ఉత్త పిండి. ఎవరికి ఏది వచ్చిందో మీకు తెలియదు, నాకూ తెలియదు. డబ్బా మీద నెంబరు ఒక్కటే ఉంటుంది. అసలుది తాగినవాళ్ళెంత తగ్గారు, ఉత్తది తాగినవాళ్ళెంత తగ్గారు అని చివర్లో పోల్చి చూస్తాం. అప్పుడు కదా పొడి పనిచేస్తోందో లేదో తెలిసేది."

"గుర్తుంది."

"మరి ఎవరి డబ్బాలోది వాళ్ళే తాగారా?"

"డబ్బాలు మా ఇంట్లోనే ఉన్నాయి."

"నేనడిగింది అది కాదు."

"మూత గట్టిగానే పెడుతున్నాం. తేమ తగలకుండా."

"అమ్మా, ఎవరి డబ్బాలోది వాళ్ళే తాగారా?"

"పొడి తీసి కలిపిచ్చేది మా అత్తయ్య. నేను చెంచా కూడా ముట్టుకోను."

"అలా నన్నడగండి, చెప్తాను. దాచడానికేముంది? డబ్బాలు వచ్చిన రోజే రెండూ బేసిన్లో బోర్లిస్తాను. చేత్తో బాగా కలిపి, మళ్ళీ రెండు డబ్బాల్లోకీ సమంగా పోస్తాను."

"కలిపేశారా."

"జల్లించి మరీ కలిపాను తల్లీ. ఉండలు లేకుండా."

"ఎందుకండీ?"

"ఎందుకేమిటి? ఒకరికి మందు, ఒకరికి పిండి అని మీరే అంటిరి. పెద్దదానికి మందు వచ్చి, చిన్నదానికి పిండి వచ్చిందనుకోండి. మీరు ఇక్కడ హాయిగా కుర్చీలో కూర్చుంటారు. వంటింట్లో గిన్నెల చప్పుడు వినాల్సింది నేను. ఇద్దరూ ఒక గడపలో అడుగుపెట్టిన నాటినుంచీ తువ్వాలు కొన్నా రెండే, దువ్వెన కొన్నా రెండే. ఒకసారి ఎవరో ఒకటే సబ్బు బిళ్ళ తెచ్చిస్తే దారం పెట్టి కోశాను. నా చేతిలో హెచ్చుతగ్గులుండవు."

"అది మాత్రం నిజం డాక్టరమ్మా. సబ్బు మీద పువ్వు బొమ్మ ఉంటే దానికీ సగం రేకులు, నాకూ సగం రేకులు వచ్చాయి."

"మరి పొడి కలుపుతుంటే మీరు చూస్తూ ఊరుకున్నారా?"

"ఏమనమంటారు? కలపొద్దంటే అసలుది నాకే వచ్చిందని మురిసిపోతున్నట్టు. కలపమంటే నాకు ఉత్తది వచ్చిందని ఏడుస్తున్నట్టు. ఏమన్నా తప్పే. నోరు మూసుకుని తాగాను."

"సరే, ఇక చేసేదేం లేదు. మీ ఇద్దర్నీ పరీక్షలోంచి తీసెయ్యాలి."

"తీసెయ్యడమంటే?"

"ఇకమీదట డబ్బాలు ఇవ్వను."

"అంతమాట అనకండి డాక్టరమ్మా. మా నాన్నకీ ఈ చక్కెర జబ్బే. చివరికి కాలు తీసేశారు. నీదీ అదే దారి అని ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా చెప్తున్నారు. తగ్గడమన్నది ఇదే మొదటిసారి. పరీక్షలోంచి తీసేస్తే తీసెయ్యండి, డబ్బా ఒక్కటి ఉంచండి."

"తప్పు నాది తల్లీ. దాని కడుపు మీద కొట్టకండి. కావాలంటే నన్ను తీసెయ్యండి."

"మీరు పరీక్షలో లేరండీ."

"మరింకేం, ఎవరికీ నష్టం లేదు. నన్నే తీసెయ్యండి."

"ఉండండి, పెద్ద డాక్టరుగారికి ఫోన్ చేస్తాను. హలో, సార్... అవునండీ, కలిపేశారట... బేసిన్లో... లేదు సార్, నవ్వే విషయం కాదు... ఆ రెండు నెంబర్లూ విప్పి చూసి చెప్తారా?... ఆఁ... రెండూనా?... సరిగ్గా చూశారా సార్?... సరే."

"ఏమన్నారు డాక్టరమ్మా?"

"రెండు డబ్బాల్లోనూ ఉత్త పిండేనట. మొదట్నుంచీ."

"పిండా?"

"పిండే. మీ అత్తగారు పిండిలో పిండి కలిపి పంచారు."

"జల్లించి మరీ పంచాను. చూశారా, ఎవరికీ అన్యాయం జరగలేదు."

"అత్తయ్యా, కాసేపు. మరి నేనెలా తగ్గాను డాక్టరమ్మా?"

"అది మీరే చెప్పాలి. తిండి మార్చారా?"

"లేదు."

"నడక మొదలుపెట్టారా?"

"నడకంటే... అది నడకని నేననుకోలేదు."

"మరేమనుకున్నారు?"

"సాయంత్రం నేనూ చిన్నదీ అలా బయటికి..."

"కూరగాయలకి వెళ్తారు తల్లీ. బజారు పక్క సందులోనే. వెళ్తే చీకటి పడేదాకా రారు. ఏరుకుంటున్నామంటారు."

"ఎంత దూరం వెళ్తారమ్మా?"

"అత్తయ్యని బయట కూర్చోమంటారా?"

"నేను కదలను."

"చెప్పండమ్మా. మీ ఆరోగ్యం సంగతి ఇది."

"ఆ పొడి వచ్చాకే మొదలైంది. అంతకుముందు నాకూ చిన్నదానికీ మాటలు అంతంతమాత్రం. బేసిన్లో కలపడం చూసి ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. ఇంట్లో నవ్వితే వినపడుతుందని బయటికెళ్ళి నవ్వాం. అప్పట్నుంచీ మాట్లాడుకుంటూ నడుస్తాం."

"ఏం మాట్లాడుకుంటారు?"

"సంసారం విషయాలు."

"నా గురించేనా?"

"అన్నీ మీ గురించే ఎందుకుంటాయి అత్తయ్యా? మధ్యమధ్యలో ఎండ గురించి కూడా."

"దూరం చెప్పలేదు మీరు."

"రోజును బట్టి ఉంటుంది డాక్టరమ్మా. అత్తయ్య ఏమీ అనకపోతే వీధి మలుపు దాకా. ఉప్పెక్కువైందంటే పోస్టాఫీసు దాకా. మొన్న చుట్టాల ముందు, నా కోడళ్ళిద్దరూ నాకు సమానమే, ఇద్దరికీ ఏ పనీ రాదు, అన్నారు."

"ఆ రోజు?"

"రైలు గేటు దాటి వెళ్ళిపోయాం. తిరిగొచ్చేసరికి గేటు పడింది. అది లేచేదాకా నిలబడలేక అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాం."

"వేగంగా నడుస్తారా?"

"ఒళ్ళు మండుతుంటే మెల్లగా ఎవరు నడుస్తారండీ?"

"పెద్దమ్మగారూ, విన్నారుగా?"

"విన్నాను. దువ్వెన దగ్గర్నుంచీ సమంగా ఇచ్చాను. ఇద్దరూ కలిసి సమంగా నన్ను తిట్టుకుంటున్నారన్నమాట."

"తప్పే అత్తయ్యా. ఇవాళ్టి నుంచి మానేస్తాం. ఇంటిపట్టునే ఉంటాం. ఒట్టు."

"మానొద్దు. మానేస్తే చక్కెర మళ్ళీ పెరుగుతుంది."

"పెరుగుతుందా తల్లీ? వాళ్ళ నాన్నకి పెరిగినట్టు?"

"పెరుగుతుందండీ."

"ఒక మాటడగనా తల్లీ? మీ అత్తగారు మంచిదేనా?"

"మా అత్తగారా? బంగారం. నోరెత్తి ఒక్క మాట అనదు. ఎందుకడిగారు?"

"ఏం లేదు. మీ ఒళ్ళు చూస్తే అనిపించింది."

"అత్తయ్యా."

"నువ్వుండు. దీనికి ఇంకా ఎంత తగ్గాలి తల్లీ?"

"ఇప్పుడు తగ్గినంత మళ్ళీ తగ్గితే ఇక భయం లేదు."

"అయితే రైలు గేటు చాలదు."

"చాలదనే అనుకోండి."

"అమ్మాయ్, ఇటు తిరుగు. ఇన్నేళ్ళూ మర్యాద కాదని కడుపులో పెట్టుకున్నాను. మీ అమ్మ చేతి భోజనం తినొచ్చిన రోజున మీ మామగారు ఇంట్లో మళ్ళీ పొయ్యి వెలిగించమన్నారు."

"ఏమన్నారు?"

"ఒక్కసారి కాదు. వెళ్ళొచ్చినప్పుడల్లా."

"డాక్టరమ్మా, మీ ఫోన్ ఒకసారి ఇస్తారా? చిన్నదాన్ని చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడమని చెప్పాలి."