పంక్తిలో వడ్డించిన మందు

"తాతయ్యా, ఒక్క మాత్ర వేసుకోవడానికి ఇంత తతంగం ఏంటండి? సీసా మీద చీటీ చదువుతారు, అమ్మని పిలిచి పొద్దున ఏమేం వేసుకున్నారో అప్పజెబుతారు, ఆ తర్వాత ఎంతసేపటికీ పడుకోకుండా కుర్చీలో నిటారుగా కూర్చుంటారు!"

కూర్చో తల్లీ. ఆ ఫోనులో నా మాట పడుతోందా? మంచిది. అయితే సక్రమంగానే చెప్పాలి.

తతంగం అన్నావు చూడు, నాకు ఆక్షేపణ లేదు, తతంగమే. వినడానికి వింతగా ఉంటుంది గానీ, మన కుటుంబంలో ఒకప్పుడు ఛాతీమంట మందు విస్తట్లో వడ్డించే వంటకంగా చలామణీ అయింది. దాని మూలంగా ఒక పెళ్లి ఆగిపోబోయింది. ఒక పెద్దమనిషి కాలు తీసేయవలసి... కాదు, కాలు కాదు, కాలివేలు. కాలు అన్నది తర్వాత. ఉండు, వరసలో చెబుతాను.

అరవైల చివర సంగతి. నేను బాపట్లలో కొత్తగా ప్లీడరు కోటు తొడిగిన రోజులు. తెనాలిలో మా పెదనాన్నగారు ఉండేవారు, మా నాన్నగారికి సొంత అన్నగారు. దుగ్గిరాల వైపు పసుపు పండించేవారు. మనిషి ధర్మాత్ముడే గానీ నోటిని కట్టుకోలేరు. ఆ రోజుల్లో అర్ధరూపాయి పెడితే తెనాలి స్టేషను ఎదుట ఇద్దరం టిఫిన్ తిని, కాఫీ తాగి, కిళ్లీ కూడా... ముప్పావలానేమో. లేదు లేదు, అర్ధరూపాయే. ఆ టిఫిన్ అయ్యాక ఇంటికి వచ్చి మళ్లీ గోంగూరతో భోజనం చేసి, కడుపు మీద చెయ్యి వేసుకుని వెంటనే వెల్లకిలా పడుకునేవారు. పడుకున్న కాసేపటికి పుల్లత్రేన్పులు, గొంతు దాకా మంట. లేచి కూర్చుని "అగ్నిహోత్రం రా అబ్బాయ్, లోపల అగ్నిహోత్రం!" అనేవారు.

తెనాలి డాక్టరుగారు ఆయనకి తెల్లటి మందు రాసిచ్చారు. పుదీనా వాసన, చిక్కగా, సున్నపుతేటలా కాదు... అదే, పల్చటి పెరుగులా ఉండేది. భోజనమయ్యాక చెంచాతో తాగాలి, సీసా కుదిపి తాగాలి. డాక్టరుగారు ఎంత విడమరిచి చెప్పారనుకున్నావు! "తిన్న వెంటనే పడుకోవద్దండి. ఇతర మందులతో కలిపి తాగవద్దండి, ఎడం ఉండాలి. నెలల తరబడి నన్ను అడగకుండా తాగుతూ పోవద్దండి. నొప్పి చేతిలోకో దవడలోకో పాకి చెమటలు పట్టిందనుకోండి, అది మంట కాదు, గుండె. ఈ సీసా ముట్టుకోకుండా వెంటనే ఆసుపత్రికి రావాలి." పెదనాన్నగారు భక్తిగా తల ఊపారు. బయటికి వచ్చాక "పుదీనా అన్నాడు కదూ? మంచిదే" అన్నారు. ఆయన చెవిన పడింది అదొక్కటే.

ఇక పెళ్లి మాట. పెదనాన్నగారి అమ్మాయి సరళ, నాకు చెల్లెలు. గుంటూరులో కెమిస్ట్రీతో బీయెస్సీ చేసింది. నాతో చదువుకున్న మూర్తి అని ఒకతను ఉండేవాడు, రేపల్లె వాళ్లు. ఆ సంబంధం కుదిర్చింది నేనే. అబ్బాయికీ అమ్మాయికీ నచ్చింది. మిగిలిందల్లా మూర్తి తండ్రిగారు, రేపల్లె పెద్దాయన. ఆయనకి మర్యాద అంటే ప్రాణం. పొన్నూరులో ఎవరింట్లోనో పక్క విస్తట్లో నెయ్యి రెండోసారి పడి తన విస్తట్లో పడలేదని, సగం భోజనంలో లేచి చేతులు కడుక్కున్నారట. పంక్తిభేదం సహించరు.

"పంక్తిభేదం అంటే ఏంటి తాతయ్యా?"

అదే తల్లీ, ఒక వరసలో కూర్చున్నవాళ్లలో ఒకరికి వడ్డించి మరొకరికి వడ్డించకపోవడం. అప్పట్లో అది చెంపదెబ్బతో సమానం.

నిశ్చయ తాంబూలాలకి రేపల్లె వారు తెనాలి వచ్చారు. భోజనాలు చివరికి వచ్చాయి. మా పెద్దమ్మ, పాపం అలవాటు చొప్పున, సీసా కుదుపుకుంటూ వచ్చి పెదనాన్నగారి వెండి గిన్నెలో తెల్లమందు పోసింది. రేపల్లె పెద్దాయన చెయ్యి విస్తట్లోనే ఆగిపోయింది.

"బావగారికి ఏదో ప్రత్యేకంగా వడ్డిస్తున్నారండి."

నిజం చెప్పొచ్చు కదా అంటావు. ఎలా చెబుతారమ్మా? పిల్లనిచ్చే ఇంట్లో జబ్బుందంటే అది వంశానికి అంటగట్టే రోజులు. పెదనాన్నగారు ఒక్క క్షణం నా వంక చూశారు. నేను పప్పు వంక చూశాను. అప్పుడాయన గొంతు సవరించుకుని, "అబ్బే, ప్రత్యేకం ఏముంది బావగారూ! మా ఇంటి ఆనవాయితీ. చలవ పెరుగు అంటాం. ఏమే, నిలబడ్డావేం? పంక్తికంతా వడ్డించు!" అన్నారు.

పెద్దమ్మ వడ్డించింది. తల్లీ, పదహారణాల తెలుగు పెద్దమనుషులు వరసగా బాసింపట్టు వేసుకుని, జబ్బు లేకుండా మందు తాగడం నేను కళ్లారా చూశాను. మా బాబాయి ఒకాయన అన్నంలో కలుపుకున్నాడు కూడా. రేపల్లె పెద్దాయన మాత్రం జుర్రుకుని, కళ్లు మూసుకుని, "దివ్యంగా ఉంది. మారు వడ్డించండమ్మా" అన్నారు.

ఆ సాయంత్రం రేపల్లె వెళ్లే రైల్లో వాళ్లవాళ్లలో కొందరికి కడుపు జారిందని విన్నాను. నింద వంకాయ మీదికి పోయింది.

అంతటితో ఆగితే బాగుండేది. వారం తిరక్కుండా రేపల్లె నుంచి కబురు. చలవ పెరుగు కాస్త పంపగలరా అని. వియ్యాలవారు నోరు తెరిచి అడిగితే కాదంటామా? సీసాల్లో పంపితే గుట్టు బయటపడుతుంది. అంచేత పెద్దమ్మ ఆవకాయ జాడీ ఒకటి శుభ్రంగా కడిగి, సీసాలన్నీ అందులో వంపి, మూతికి పసుపురాసిన గుడ్డ కట్టి పంపించింది. సీసా మీద చీటీ పోయింది, చెంచా కొలత పోయింది, అది మందన్న జ్ఞానమే పోయింది. సీసాలు కొనే పని నాది. తెనాలిలో ఒక షాపు, బాపట్లలో ఒక షాపు. బాపట్ల షాపాయన చివరికి ఉండబట్టలేక, "ప్లీడరుగారూ, మీ ఇంట్లో ఎంతమందికండీ మంట?" అని అడిగాడు. "ఊరంతా ఒకటే మంటండి" అన్నాను.

ఇలా ఉండగా ఒకరోజు మూర్తి బాపట్ల వచ్చాడు. మొహం వాడిపోయి ఉంది. "నాన్నగారి కాలు మానడం లేదురా" అన్నాడు. ఏ కాలు అన్నాను. అప్పుడు బయటపెట్టాడు. తాంబూలాలకి ముందే, కోసిన పొలంలో వరిదుబ్బు గుచ్చుకుని పెద్దాయనకి కాలివేలు చీము పట్టిందట. ఆ సంగతి మా వైపు తెలిస్తే సంబంధానికి తంటా అని, కుంటుతూ నడిచి దాన్ని గంభీరమైన నడక అని నమ్మించారు. మేం నమ్మాం కూడా! మా పెదనాన్నగారైతే "నడకలోనే హోదా ఉందిరా" అనేవారు.

"డాక్టరు గొట్టం మాత్రలు, అదే క్యాప్సూళ్లు, ఇచ్చారు. మంచి మందట. ఏం లాభం? జ్వరం వస్తూనే ఉంది. ఇలాగే ఉంటే వేలు తీసేయాలి, ఇంకా ముదిరితే కాలు దాకా పోతుంది అంటున్నారు. మాత్రలు తప్పకుండా వేసుకుంటున్నారురా. ఎవరికీ కనపడకుండా మీ చలవ పెరుగులో ముంచి మింగేస్తారు. అందులో అయితే తెలియదు కదా."

అదీ సంగతి. మారు వడ్డించమన్నది రుచి కోసం కాదు తల్లీ! మా మందు మేం వంటకమని దాస్తే, ఆయన మందు ఆయన ఆ వంటకంలో దాచారు.

నాకు శాస్త్రం తెలియదు గానీ మనసు కీడు శంకించింది. తెనాలి వెళ్లి సరళకి చెప్పాను. ఆ పిల్ల మారుమాట లేకుండా చెప్పులేసుకుని డాక్టరుగారి దగ్గరికి వెళ్లింది. వచ్చి, "రెండూ మంచి మందులే అన్నయ్యా. కలిపితేనే చెడ్డవి. ఈ తెల్లమందు ఆ గొట్టం మాత్రని కడుపులోనే పట్టేసుకుంటుందట, ఒంటికి అందనివ్వదట. ఆయన ఇన్నాళ్లూ మాత్ర వేసుకోనట్టే" అంది.

పెదనాన్నగారు బతిమాలారు. "తల్లీ, పెళ్లి కానివ్వు. అయ్యాక నెమ్మదిగా చెబుదాం."

"పెళ్లయ్యేదాకా ఆయన కాలు ఆగుతుందా నాన్నగారూ?"

మర్నాడే చీరాలలో పెళ్లిబట్టలు కొనడానికి ఇరువైపులవాళ్లూ బాపట్ల రావలసి ఉంది. భోజనాలు మా ఇంట్లో. రేపల్లె పెద్దాయన రైలు దిగారు, గంభీరంగా కుంటుతూ. వెనక మూర్తి, చేతిలో జాడీతో. మా ఇంట్లో చలవ పెరుగు ఉంటుందో ఉండదో అని ఆయన వెంట తెచ్చుకున్నారమ్మా!

విస్తళ్లు వేశారు. పెద్దాయన కూర్చుంటూనే, "ముందు అదే వడ్డించండి. కాబోయే కోడలి చేత్తో వడ్డించండి, శుభం" అన్నారు. సరళ జాడీ ఎత్తుకుని ఆయన ముందుకొచ్చింది. వచ్చి నిలబడిపోయింది.

"వడ్డించనండి మామగారూ."

"ఏమ్మా, అయిపోయిందా?"

"ఉందండి. అది వంటకం కాదండి. మా నాన్నగారికి ఛాతీమంట. దానికి డాక్టరుగారిచ్చిన మందు."

మా అమ్మ నేతిగిన్నెతో అలాగే నిలబడిపోయింది. పెద్దాయన మెల్లగా పెదనాన్నగారి వైపు తిరిగారు. "బావగారూ! నేనిన్నాళ్లూ మీ మందు పుచ్చుకుంటున్నానా?"

"పుచ్చుకోవడమేంటి బావగారూ, అడిగి మరీ మారు వేయించుకున్నారు!"

"మీ గుప్పిట్లో ఉన్నది కూడా చూపించండి మామగారూ" అంది సరళ.

"గుప్పిట్లోనా? ఏముంది, వక్క."

"ఆకు లేకుండా, అన్నానికి ముందు వక్కేంటండి?"

ఆ కంగారులో గుప్పిట వదులయింది. ఎరుపూ నలుపూ గొట్టం మాత్ర విస్తట్లో పడి, దొర్లి దొర్లి గోంగూర పక్కన ఆగింది. పంక్తి పంక్తంతా మెడలు సాచి చూసింది. పెద్దాయన బింకం సడలలేదు సుమా. "గురివింద గింజ" అన్నారు.

"గురివింద ఇంత పొడుగుంటుందా అండి?"

సరళ ఆయన పక్కనే కింద కూర్చుని, ఒక్కొక్క మాటే విడమరిచి చెప్పింది, గొట్టం మాత్ర ఎందుకు పనిచేయలేదో, ఇక ఎలా వేసుకోవాలో. అంతా విని ఆయన, చిన్న గొంతుతో, "వేలు తీసేస్తారా అమ్మా?" అన్నారు. అంత పెద్దమనిషి నోట అంత చిన్న గొంతు నేను మళ్లీ వినలేదు.

"తీయకుండా చూద్దామనే కదండీ చెబుతున్నాను."

"ఈ మాట బయటపెడితే సంబంధం తప్పిపోవచ్చని తెలియదా నీకు?"

"తెలుసండి. సంబంధం తప్పితే ఇంకోటి చూస్తారు. మీకు ఇంకో కాలు ఎక్కడ చూస్తామండి?"

పెదనాన్నగారు కళ్లు మూసుకున్నారు. నేను ఆ పెద్దాయన ఎడమచెయ్యి వైపే చూస్తున్నాను. నేల మీద ఆనిస్తే లేస్తున్నట్టు. లేచారా, అయిపోయినట్టే. ఆయన చెయ్యి ఆనించలేదు. మాత్రని విస్తట్లోంచి తీసి అంగవస్త్రంతో తుడిచి, "సరే. అది మీ నాన్నగారికి వడ్డించు. నాకు దీనికి ఇంత మజ్జిగ పొయ్యి" అన్నారు.

"మజ్జిగ కూడా దాంతో వద్దండి. పాలు, పెరుగు, మజ్జిగ ఏవీ వద్దు. అది పరగడుపున వేసుకోవాలి."

"మంచినీళ్లయినా ఇస్తారా ఈ ఇంట్లో?"

అంతే, మా అమ్మ ముందు నవ్వింది. తర్వాత ఎవరూ ఆగలేదు. పెద్దాయన కూడా, మీసం తడుముకుంటూ.

వేలు దక్కింది తల్లీ. సరిగ్గా వేసుకున్న కొద్ది రోజులకే జ్వరం జారింది, పుండు మానుముఖం పట్టింది. పెళ్లి రేపల్లెలో జరిగింది. కానీ ఆయన నియమం గల మనిషి కదా, పెళ్లి భోజనాల ముందు పందిట్లో నిలబడి ప్రకటించారు: "ఈ పంక్తిలో మందు వాడేవారు ఏం వాడుతున్నారో నా కోడలికి చెప్పనిదే వడ్డన మొదలవదు!" అనడమే తరువాయి. నాకు బీపీ అండి అని ఒకాయన, నాకు మోకాళ్ల మాత్రలు వేసుకుంటే మంటండి అని ఒకావిడ, నేను మా ఆవిడ మాత్రలే వేసుకుంటానండి, తెల్లగా ఉంటే సరేనని ఇంకొకాయన! సన్నాయి ఆయన సన్నాయి పక్కన పెట్టి వచ్చి, తినే సోడా రోజూ ఎంత మింగుతాడో చెప్పుకున్నాడు. డాక్టరు ఉప్పు మానమన్నవాళ్లకి ఆ సోడా కూడా ఉప్పుతో సమానమే అని సరళ అతని మీద కేకలేసింది. బుగ్గచుక్కతో, మెళ్లో పూలదండతో, పెళ్లిపీట మీదనుంచి! పప్పు చల్లారింది, సాంబారు చల్లారింది, ఎవరికీ పట్టలేదు. ఇన్నేళ్లూ లోపల అణిచిపెట్టుకున్న రోగాలన్నీ ఆ పందిట్లో పేరంటానికి వచ్చినట్టు వచ్చాయి. పెదనాన్నగారైతే లేచి, "నాకు ఛాతీమంట!" అని గర్వంగా... ఏంటో, ఆ గొంతు ఇప్పటికీ...

సరే, పొద్దుపోయింది. నువ్వు ఆ కాలేజీ క్యాంటీనులో తిన్నవి అరక్క, స్నేహితురాలి పర్సులో దొరికిన మాత్ర వేసుకున్నానని మొన్న మీ అమ్మతో అన్నావట. అనలేదా? సరే, అనలేదనుకుందాం. తినే ముద్ద ప్రతిదీ నీకు హాయిగా అరగాలి తల్లీ. నీ మేలుకోరి వడ్డించనని నీ ముందు నిలబడే మనిషి, ఎక్కడికి వెళ్లినా నీకు ఒకరైనా దొరకాలి. వెళ్లి పడుకో. అన్నం తిని ఎంతసేపయింది? అయితే కాస్త ఆగు, కూర్చో...