నీళ్ల మీద బేరం

మంచిర్యాల స్టేషన్ ఎదురుగా లింగమూర్తి చాయ్ హోటల్లో ఆ పొద్దున ఒక పెద్ద విషయం తేలాల్సి ఉంది. టూర్లు తిప్పే ఖాసిం, బొగ్గుబాయి పని నుంచి రిటైరైన జంటలను బ్యాంకాక్ తీసుకుపోతున్నాడు. అక్కడి అంగళ్లలో అందరి తరఫున బేరమాడే మనిషికి టికెట్ ఉచితం. ఆ టికెట్ మీదే అంకయ్య ప్రాణమంతా. ఆయనా బాయిలో పనిచేసి రిటైరైనవాడే. పోయినేడు అల్లుడి వెంట బ్యాంకాక్ చూసొచ్చాడు. అప్పటి నుంచి మంచిర్యాలలో ఏదీ ఆయన కంటికి ఆనడం లేదు.

"ఖాసిం భాయ్, బేరమంటే నోటితోని చేసేది గాదు, కాళ్లతోని చేసేది. వాడు ధర చెప్పంగనే మనం నవ్వాలె, లేవాలె, పోవాలె. ఎన్కకు సూడొద్దు. మొదటి దినం రోడ్డు మీద ఒక టోపీ అడిగిన. వాడు ధర చెప్పిండు, నేను నడిచిన. నాలుగడుగులు ఎయ్యలే, 'సార్ సార్' అనుకుంట ఉరికొచ్చి సగానికి ఇచ్చిండు. గిది అందరు చేసేదే, నేనేం గొప్ప చెప్తలే."

"అవు, గదైతే నిజమే," అన్నాడు ఖాసిం.

"తెల్లారి పడవల అంగడికి పోయినం. ఆడ రోడ్డు లేదు, కాలువనే బజారు. అమ్మేటోళ్లు పడవలల్ల, కొనేటోళ్లు పడవలల్ల. ఒక ముసలామె పడవ నిండ మామిడిపండ్లు. మా అల్లుడు ఆమె చెప్పిన ధర ఇద్దామని జేబుల చెయ్యి పెట్టిండు. ఆగు అల్లుడా అన్న. నవ్విన. లేచిన. నడిచిన."

లింగమూర్తి చాయ్ వడబోయడం ఆపాడు. "ఏడికి నడిచినవే అన్నా? సుట్టూత నీళ్లాయె!"

"గదే గదా! బేరం మీద పడి నాకు నీళ్ల సంగతే యాదికి లేదు. ఆ కొసదాంక పోయిన. చెప్పులు సుత తడవలే. మా అల్లుడు 'మామా, నీళ్లు! నీళ్లు!' అని మొత్తుకుంటుండు. నేనెందుకు సూస్త? ఎన్కకు సూస్తే బేరం పాయె. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? అంగడి అంగడే ఆగిపోయింది. పడవలల్ల అందరు లేచి నిలవడి దండం పెడుతున్నరు. ముసలామె తెడ్డేసుకుంట నా ఎంబడొచ్చి, పండ్లు ఊకెనే తీస్కపొమ్మన్నది. నాకు ఊకెనే ఎందుకు? కష్టం చేసుకునే మనిషి. సగం ధర ఇచ్చి, కొసరు అడిగిన."

"వాళ్లకు కొసరు తెలుసా?" అన్నాడు ఖాసిం.

"తెల్వది. నేనే నేర్పిన. ముందుగాల ఇంకో పండు ఇచ్చింది. ఆ పండుకు కొసరేదంటే తెడ్డు ఇచ్చింది. తెడ్డుకు కొసరు పడవ. పడవకు కొసరు, ఒడ్డు మీద కట్టేసిన ఏనుగు. భాయ్, ఆ ఏనుగు నా మొఖం సూసి తొండమెత్తి సలాం చేసింది, నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి. మరి ఏనుగుకు కొసరేది అన్న. పాపం, వాళ్లకాడ ఇంకేమున్నది? ఊరి పెద్దమనుషులు కూసోని మాట్లాడుకోని, 'గీ కాలువ తీస్కపో నాయినా, మమ్ముల ఇడిసిపెట్టు' అన్నరు."

"యా అల్లా, కాలువనా!"

"సుట్ట సుట్టి విమానంల కాళ్ల కింద పెట్టుకున్న. నీళ్లు కారుతున్నయని ఆడ పనిచేసే పిల్ల జర పరేషాన్ అయ్యింది. ఇంటికి తెచ్చి ఏంజేస్త? మన గోదాట్ల కలిపిన. లేకుంటే పోయినేడు గోదావరి గట్ల ఒడ్లు ఒరుసుకోని పారునా? ఇప్పటికి సుత ధర్మపురి కాడ తానం చెయ్యుండ్రి, నీళ్లు మామిడిపండు వాసనొస్తయి."

హోటల్లో ఎవరూ నవ్వలేదు. అబద్ధమని అందరికీ తెలుసు. అయినా అంకయ్య నీళ్ల మీద చెప్పులేసుకొని నడుస్తుంటే చూసినట్టే ఉంది వాళ్లకు. పొయ్యి మీద చాయ్ పొంగిపోయినా లింగమూర్తి చూసుకోలేదు.

ఖాసిం లేచి చెయ్యి చాపాడు. "అంకన్నా, నీళ్ల మీద నడిచినవో లేదో గా దేవునికెరుక. గింత నోరున్నోడు నాకు ఇంకేడ దొరుకుతడు? టికెట్ నీదే."

అంకయ్య చెయ్యి అందించబోతుండగా, వాకిట్లో ఎవరో గంప దించిన చప్పుడైంది. రోజూ స్టేషన్ ముందు సీతాఫలాలు అమ్మే బుచ్చవ్వ, చెమట తుడుచుకుంటూ లోపలికి వచ్చింది.

"ఈడున్నవా అంకయ్యా! నీ కోసం బజారంత తిరుగుతున్న కొడుకా. పొద్దుగాల నా దగ్గర పండ్లు కొంటివి గదా. బేరమాడుతవని నేను డబల్ చెప్పిన. నువ్వు కిక్కురుమనకుంట ఇచ్చి పోతివి. కొసరన్న తీస్కపో అని పిలిస్తే ఎన్కకు సూడవైతివి. నాకు మనసున పట్టలే. ఇగో, పట్టు."

చాపి ఉన్న అంకయ్య చేతిలో రెండు సీతాఫలాలు పెట్టింది.

అంకయ్య ఆ పండ్లను గబగబా జేబుల్లో కుక్కబోయాడు. ఖాసిం మెల్లగా తన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. కుర్చీ లాగి బుచ్చవ్వకు వేసి, ఆమెకు చాయ్ చెప్పి, ఎంతో మర్యాదగా అడిగాడు.

"అవ్వా, నీకు పాస్‌పోర్ట్ ఉన్నదా?"