ఎల్లిగడ్డ కారంతోని తిన్న బల్ల రొట్టె

"అవ్వ, సండే స్కూల్ పిల్లలకు సంస్కారాల గురించి చెప్పమన్నరు. బాప్తిస్మం, ప్రభువు బల్ల... అవి దేనికి అని అడిగితె ఏం చెప్పాలె?"

దేనికంటే ఏం చెప్తవే, బువ్వ దేనికి తింటవంటే ఏం చెప్తవు? ఆగు, రికార్డు చేస్తే చెయ్యి గని గా ఫోను జర దూరం పెట్టు, గట్ల మూతి కాడ పెడితె నాకు మాట రాదు. ఆఁ, గా దిండు మీద పెట్టు. ఇగ విను.

మన చర్చిల రెండే అంటరు. బాప్తిస్మం ఒకటి, బల్ల ఒకటి. ఫాదర్ల చర్చిల ఏడు లెక్కపెడ్తరు, పెండ్లి గూడ అండ్లనే. ఎవ్వల లెక్క వాళ్ళది, నాకేం పంచాది లేదు. పిల్లలకు గిట్ల చెప్పు. మనిషి మాటిస్తే చెయ్యిల చెయ్యేస్తడా లేదా? ఉత్త మాట చాలదనే గదా. దేవుడు గూడ ఉత్తగ మాట చెప్పి ఊకోలే. నీళ్ళు పోసిండు, రొట్టె పెట్టిండు. మనది మట్టి ఒళ్ళు బిడ్డ, తాకితెగాని నమ్మదు. బాప్తిస్మం ఒక్కసారే, పుట్టుడు ఒక్కసారే గదా. తినుడు మాత్రం బతికినన్ని దినాలు ఉంటది.

నా బాప్తిస్మం మన ఊరి కాలువలనే అయ్యింది. నిజాంసాగర్ కాలువ, గిప్పటి లెక్క సిమెంటు లేదు, ఒడ్డు జారేది. మా వాడ వాడంత ఒక్కనాడే తీసుకున్నరు. మా మేనత్త ఎంకమ్మ ఉండేది, నీళ్ళంటే భయం. మోకాలి లోతుకు పోయి, అయ్యగారూ నాకు చెంబుతోని పోయిండ్రి అని మల్ల గడ్డకెక్కింది. పాస్టరు అయ్యగారు నవ్విండు, సరే అని చెంబుతోనే పోసిండు. చెంబైనా కాలువైనా ఆమె బతుకు మారింది చూడు, అంతకుముందు కల్లు తాగి కొట్లాడేది... అది వేరే ముచ్చట, ఫోన్ల వద్దు గది. ఆమె మనుమలు ఇంక బిచ్కుందల ఉన్నరు, నారాజ్ అయితరు.

ఏం చెప్తున్న? ఆఁ, బల్ల. బల్ల గురించి అయితే నన్నే అడగాలె. ఎందుకంటే రొట్టె చేసేది నేనే. పెండ్లి అయినప్పటి సంది మన ఊరి చర్చికి రొట్టె చేసేది నేను, రసం పిండేది నేను. గిప్పుడు బాన్సువాడల చిన్న చిన్న గ్లాసుల పోసి ఇస్తుండ్రు, బేకరీ బ్రెడ్డు ముక్కలు కోసి పెడ్తుండ్రు. కానియ్యి, తప్పు లేదు. గప్పుడు మాకు బేకరీ యాడిది? జొన్న రొట్టెనే. ఒక్కటే రొట్టె, ఇంత పెద్దది, పెనం నిండ. రసానికేమో బాన్సువాడ బజార్ల ఖాదర్ సేటు దుకాణం నుంచి కిస్మిస్ తెచ్చి, రాత్రి నానేసి, పొద్దుగాల బట్టల పిండేది. నన్ను చూడంగనే సేటు నవ్వేటోడు, ఏమక్కా, మీ పండుగొచ్చిందా, మంచియి తీసిపెట్టిన అనేటోడు. ఆయన నమాజు ఆయనది, మన బల్ల మనది, గని మన బల్లకు పుల్ల కిస్మిస్ మాత్రం ఎన్నడు ఇయ్యలే.

అయ్యగారు నెల నెల వచ్చేటోడు కాదు. బాన్సువాడ నుంచి రెండు మూడు నెలలకోసారి, పొద్దటి బస్సుకు వచ్చి సాయంత్రం బస్సుకు పోయేటోడు. ఆయనొచ్చిన ఆదివారమే బల్ల. ఇగ గా దినం, పాటలు అయినంక, వాక్యం అయినంక, ఒక మాట చెప్పేటోడు. పక్కోనితోని పగ ఉన్నోడు ముందు పోయి సమాధానపడి రావాలె, తగని తీరుగ తింటే శిక్ష తిన్నట్టే అని. గా మాట వినంగనే ఇద్దరు లేశి బయటికి పోయేటోళ్ళు. ఒకలు మీ తాత. ఇంకొకలు మా అన్న.

అవును, నా సొంత అన్ననే, ఏసురత్నం అన్న. నువ్వు చూడలే. ఒక్క ఊళ్ళనే నా పుట్టినిల్లు, నా అత్తగారిల్లు. అన్న పొలం కాలువకు దగ్గర, మనది కింద. ఒక ఏడు నీళ్ళు తక్కువ వచ్చినయి. నీళ్ళ వంతు కాడ లొల్లి అయ్యింది. నా వంతుల నీ మొగడు గండి కొట్టిండు అని అన్న అంటడు, వంతు అయిపోయినా ఆయన తూము మూయలే అని మీ తాత అంటడు. ఎవ్వలది నిజం అంటే ఏం చెప్తా, ఇద్దరూ అబద్ధం ఆడేటోళ్ళు కాదు, ఇద్దరికీ పట్టిన పట్టు ఇడువని జిద్దు మాత్రం ఇంతింత ఉండేది. మాటలు బందయినయి. మాటలతోని ఆగితే బాగుండు. మీ తాత నాకు చెప్పిండు, గా గడప తొక్కవద్దు అని.

ఆ గడప లోపల మా అమ్మ ఉన్నది బిడ్డ.

ఒక్క ఊరే. నడిస్తే చుట్ట కాల్చినంత సేపు పట్టదు. అయినా ఏండ్లకేండ్లు పోలేదు నేను. మా అమ్మకు కండ్లు మసకలు వడ్డయి, మనిషి వస్తే నీడ లెక్క కనిపిచ్చేది అంతే. నేను అమ్మను చూసేది చర్చిల, ఆడోళ్ళ చాప మీద. ఇద్దరం పక్కపక్కన మోకాళ్ళ మీద ఉంటే, అయ్యగారు నేను చేసిన రొట్టెనే ఇరిచి అమ్మ చెయ్యిల ఒక ముక్క, నా చెయ్యిల ఒక ముక్క పెట్టేటోడు. అమ్మతోని కలిసి నేను తిన్న బువ్వ అంటే గన్ని ఏండ్లు గదే. గోరంత ముక్క. ఇప్పుడు నువ్వు బల్ల దేనికి అని అడుగుతవ్, నాకు నవ్వొస్తది. నాకు దేనికో తెల్వకపోతే ఇంకెవ్వలకు తెలుస్తది?

మీ తాతతోని కొట్లాడలేదా అంటే, కొట్లాడిన. నీకు అన్న మీద కోపం, ప్రభువు మీద అలిగినవేంది అని అడిగిన. నేను అలగలే, భయమవుతది, పగ పెట్టుకొని తింటే శిక్ష అన్నడు గదా, అందుకే లేశి పోతున్న అనేటోడు. అయితే పగ తియ్యి అంటే పార తీసుకొని పొలం కాడికి పోయేటోడు. చూడు, భక్తి ఉన్నది, జిద్దు ఉన్నది, ఒకదానికి ఒకటి కావలి కాసినయి.

ఇగ ఏమయ్యిందంటే, ఒక ఆదివారం నాట్లు మస్తు జోరు మీద ఉన్నయి. చర్చికి సగం మంది రాలే. రొట్టె మిగిలింది. మిగిలితె పారెయ్యం, పిల్లలకు పంచేది, నా దగ్గర మిగిలింది నేను తినేది. ఆనాడు పిల్లలు గూడ నాట్ల కాడనే ఉండిరి. తెల్లబట్టల చుట్టి ఇంటికి తెచ్చి, బుట్టల పెట్టి, నేను బాయి కాడికి పోయిన. అయ్యగారు చర్చి అరుగు మీద పండుకున్నడు, సాయంత్రం బస్సు దాక.

నేను నీళ్ళు తెచ్చేసరికి మీ తాత పొలం నుంచి వచ్చి, తిని, మూతి తుడుసుకుంటున్నడు. బుట్టల చూస్తే తెల్లబట్ట ఉత్తగున్నది.

"రొట్టె ఏది?" అన్న.

"తిన్న. ఎల్లిగడ్డ కారం ఉంటే ఏసుకున్న. ఏంది, ఇయ్యాల మెత్తగ చేసినవ్."

"అది బల్ల రొట్టె."

మీ తాత మొఖం చూడాలె నువ్వు. తెల్లగయ్యింది. చెంబు తీసుకొని పెరట్లకు పోయిండు, నోరు కడుగుడే కడుగుడు. కడిగితె పోతదా? పోదు గదా. వచ్చి గోడకు ఒరిగి కూసున్నడు. నాకు నవ్వాగలే, మళ్ళ ఆయన్ని చూసి పాపం అనిపిచ్చింది.

లేశి సీదా అయ్యగారి కాడికి పోయిండు. నేను వెనుకనే పోయిన. అయ్యగారు నిద్రల నుంచి లేశి అంత విన్నడు. మంచి మనిషి, మెల్లగ మాట్లాడేటోడు. ఏం కాదయ్యా, ఆకలైతే తిన్నవ్, తెల్వక తిన్నవ్, పోయి నెమ్మదిగుండు అన్నడు.

వేరే ఎవలన్న అయితే హమ్మయ్య అని ఇంటికి పోతరు. మీ తాత గట్ల పోయే మనిషి కాదు. అక్కడ్నే నిలబడి అడిగిండు, ఇంక నా చెవుల్నే ఉన్నది గా మాట. "ఏం కాకపోతే మరి ఇన్నేండ్లు నేను తినకుండ ఎందుకు కూసున్న అయ్యగారూ? అయ్యేదుంటే మరి ఇప్పుడు తిన్న గదా, నేనేం చెయ్యాలె?"

తిన్నంక ఇగ పగ తీసుడే మిగిలిందని మీ తాతకే తెలిసింది. తలగుడ్డ సదురుకొని కాలువ దిక్కు నడిచిండు. నేను వెనుక ఉరికిన, ఎందుకంటే అన్న తూము కాడ ఉంటడు, చేతిల పార ఉంటది. ఏమైతదో అని ఫికర్.

అన్న నిజంగనే తూము కాడ ఉన్నడు. మమ్మల్ని చూసి పార భూమికి ఆనిచ్చి నిలబడ్డడు.

"బావా, నేను తిన్న," అన్నడు మీ తాత.

అన్నకు ఏం సమజ్ గాలే. "ఏం తిన్నవ్?"

"బల్ల రొట్టె. బుట్టల ఉంటే తిన్న."

"దేనితోని?"

"ఎల్లిగడ్డ కారంతోని."

అన్న మొఖం అటు తిప్పుకున్నడు. కోపమొచ్చిందనుకున్న నేను. భుజాలు కదులుతున్నయి చూస్తే, నవ్వుతుండు. నవ్వి నవ్వి కండ్లు తుడుసుకొని ఇటు తిరిగి, మెల్లగ అడిగిండు. "ఇంకేమన్న మిగిలిందా?"

ఇగ మీ తాత కిందికి చూసి, లేదు బావా, అంత నేనే తిన్న అన్నడు. గంతే. గండి ముచ్చట రాలే, వంతు ముచ్చట రాలే, తప్పు నాది అంటే నాది అనుకున్నది గూడ లేదు. ఇద్దరు మొగోళ్ళు గా గట్టు మీద నిలబడి ఏడ్చిండ్రు. అన్నకు గూడ గన్ని ఏండ్ల ఆకలి ఉన్నది గదా లోపల. నాకు అప్పుడే తెలిసింది.

ముగ్గురం కలిసి అయ్యగారి కాడికి వచ్చినం. ఆయన అప్పటికే సంచి భుజానికేసుకొని రోడ్డు దిక్కు చూస్తుండు. మమ్మల్ని చూసి సంచి కిందపెట్టిండు. బస్సు వచ్చింది, హారన్ కొట్టింది, పోయింది. రసం ఇంక సీసల ఉన్నది గాని రొట్టె లేదు గదమ్మా అన్నడు నాతోని. అన్న అన్నడు, మా ఇల్లే దగ్గర, చెల్లెకు పొయ్యి కొత్తదా అని.

పోయిన. గడప దాటిన. మా వదినె జొన్నపిండి డబ్బ నా ముందట పెట్టి, పొయ్యి అంటిచ్చింది. నాకు కండ్ల నీళ్ళు ఆగుతలేవు, అయినా ఉడుకునీళ్ళు పోసి పిండి పిసికి, పీట మీద రొట్టె కొడుతున్న. అమ్మ లోపలి అర్రల మంచం మీద ఉన్నది. ఆమెకు ఎవ్వలు చెప్పలే, నేనొచ్చిన అని. జొన్న రొట్టె కొట్టేటప్పుడు సప్పుడు వస్తది గదా, అరచెయ్యితోని. ఒకలొకలది ఒక తీరు. రెండు మూడు సార్లు కొట్టిన్నో లేదో, లోపల్నుంచి అమ్మ గొంతు వినిపిచ్చింది.

"శాంతమ్మా, నువ్వేనా?"

...

ఉండు బిడ్డ, జర నీళ్ళియ్యి. ఆఁ.

గా రొట్టె తెల్లబట్టల పెట్టి అమ్మ మంచం ముందటనే, కింద మోకాళ్ళ మీద ఉన్నం అందరం. అయ్యగారు ప్రార్థన చేసి ఇరిచిండు. మొదలు అమ్మకు, తర్వాత అన్నకు, మీ తాతకు. ఇద్దరు పక్కపక్కన. మీ తాత తింటుంటే మెడ కాడ ముక్క దిగుడు నాకు కనిపిచ్చింది. అయ్యగారు ఆ రాత్రికి అన్న ఇంట్లనే ఉన్నడు, అమ్మ నా చెయ్యి పట్టుకొని ఇడువలే. అల్లుడు తిన్నడా, అల్లునికి ఇంకింత పెట్టు అని వదినెను సతాయించుడే సతాయించుడు.

అమ్మ గా పంట కోతకు రాకముందే పోయింది. గని ఆ నడుమ నేను రోజు పోయిన, రోజు రొట్టె చేసి పెట్టిన. ఆమె చేతితోని నాకు ఒక ముద్ద పెట్టేది, చూపు లేదు గదా, నా నోరు యాడున్నదో తడుముకొని పెట్టేది. ఇదంత ఎవ్వలిచ్చింది నాకు? గా ఆకలైన మనిషి, గా మిగిలిన రొట్టె. మనం మంచిగైనంక పోయి కూసునే బల్ల కాదే అది. మనను పట్టుకొచ్చి కూసోబెట్టేది. గది చెప్పు పిల్లలకు. సమజ్ గాకపోతే పెద్దయినంక అయితది, ఫికర్ వద్దు.

ఇగ ఫోను బంద్ చెయ్యి. దగ్గరికి రా, తల వంచు జర. నీకు ఎవ్వలతోనన్న కోపమొస్తే రానియ్యి బిడ్డ, కోపం రాని మనిషి ఉంటదా. పదేండ్లు మాట్లాడకున్నా సరే, గా రొట్టె మీద నీ ఆకలి మాత్రం సావద్దు. ఆకలుంటే ఎన్నడో ఒకనాడు తిరిగొస్తవ్. సల్లగుండు నా తల్లి, నీ పిల్లలు నీ పక్కన మోకాళ్ళ మీద ఉండంగ చూడు...