ఇప్పచెట్లకు కట్టిన వైరు

“చిన్నమ్మా, రాళ్లగుంపుల ఆ ఫారిన్ డబ్బుల నెట్ ఎందుకు ఆగింది? మా ఆఫీసుల అందరు ఊరోళ్లే కాల్చిండ్రంటరు.”

కాలింది నిజం. ఊరోళ్లు పెట్టిన మంటకే కాలింది, అదీ నిజం. కానీ తప్పు వైరు కట్టినోళ్లది. వానకాలంల వచ్చి చూసి, ఎండకాలంల అక్కడ ఏం జరుగుతదో ఎవ్వర్నీ అడగకుండ కట్టిపోయిండ్రు. నువ్వు గసుంటి నౌకరీలనే చేరినవ్ గనక మొత్తం చెప్త, కూసో స్రవంతీ. ఆ చిక్కుడుకాయ ఇటియ్యి, ఈనెలు తీసుకుంట చెప్త.

టేకులపల్లి దాటి లోపలికి పోతె ఉంటది రాళ్లగుంపు. అంతా కోయోళ్లే. మా నాయిన, అంటే మీ తాత, అక్కడి బడిల పంతులు. గందుకే నాకు కోయ భాష వచ్చింది, చిన్నప్పుడు ఆ పిల్లలతోనే ఆడుకుంటి కదా. నాయిన సైకిల్ మీద పోయేటోడు, వాగొస్తె సైకిల్ భుజం మీద... సరే, అది వేరే ముచ్చట. ఆ ఊర్ల ఫోన్ మాట్లాడాలంటె గుట్ట ఎక్కాలె. రేషన్ బియ్యానికి వేలిముద్ర పడాలంటె పక్కూరికి నడవాలె. కాన్పు ఎంత కష్టమైనా అంబులెన్సును పిలవాలంటె ముందు గుట్టే.

అప్పుడు బయటి దేశపోళ్ల పైసలతోని ఒక సంస్థ వచ్చింది. అడవిల ఫారెస్టోళ్లు స్తంభాలు పాతనియ్యరు, తవ్వనియ్యరు. మరి వైరు దేనికి కట్టాలె? ఇప్పచెట్లకు కట్టిండ్రు. ఎందుకో ఎరికేనా? ఇప్పచెట్టును కోయోళ్లు చచ్చినా నరకరు. స్తంభం కన్న గట్టి అనుకున్నరు. తెలివి తక్కువ ఆలోచన కాదు, చెప్తున్న గదా, సగం తెలివి. జాయింట్ల దగ్గర మిగిలిన వైరును చుట్టలు చుట్టి చెట్టు మొదట్ల వేలాడదీసిండ్రు, నిచ్చెన లేకుండ చేతికందాలని. “ఈ వైరు ఎవ్వరు ముట్టొద్దు” అని ఊరంత తిరిగి మరీ చెప్పిండ్రు. నేను అప్పటికి చేరలే. నన్ను తర్వాత మాట తిప్పి చెప్పనీకి తీసుకున్నరు, కోయ, ఇంగ్లీషు రెండూ వచ్చినదాన్నని.

నెట్ వచ్చింది. ఎనిమిది నెలలో, కాదు, దసరా నుంచి అనుకో, మంచిగ నడిచింది. రేషన్ బండి ఊర్లకే వచ్చె. ఇగ ఎండలు మొదలైనయ్. ఇప్పపువ్వు రాలే ముందు ఏం చేస్తరు? చెట్టు కింది ఎండాకంత ఊడ్చి మంట పెడతరు. నేల నల్లగ, సాపుగ అయితది. తెల్లారేసరికి రాలిన పువ్వు దాని మీద ముత్యాల లెక్క కనపడతది, ఏరుకునుడు సులువు. తాతల కాడి నుంచి అంతే. ఏ చెట్టు ఏ ఇంటిదో కూడ అందరికి ఎరికే.

ఒక జాయింటు జోగమ్మ అనే ఆమె చెట్టు దగ్గరనే. ఆమె మంట పెట్టింది. నెట్ పోయింది.

పైసలిచ్చిన దేశం నుంచి ఒక మేడం వచ్చింది చూడనీకి. మళ్ల కడ్తరా, మానుకుంటరా, ఆమె చేతిలనే ఉంది. మా మేనేజర్ జీపులనే నాకు చెప్పిండు: “అమ్మా, ఊరోళ్లు కావాలని కాల్చిండ్రంటె ఇన్సూరెన్స్ వస్తది, ఈ ఊరికి నెట్ మళ్ల వస్తది, ఇంక పది ఊర్లకు పోతది. వైరు దారి మనమే తప్పుగ వేసినమంటె అంతా బంద్. ఆలోచించు.” వెనక సీట్ల ఫారెస్టాయన. కావాలని అన్న మాట బయటకొస్తె కేసు పెట్టేటోడు ఆయననే.

ఊరోళ్లతోని బడి వరండాల కూసున్నం. మేడం అడిగింది, మంట ఎవరు పెట్టిండ్రు అని. జోగమ్మకు తెలుగు వస్తది, కానీ భయపడితె కోయలకే పోతది. లేచి నిలబడి గుండె మీద చెయ్యి పెట్టుకుని చెప్పింది. భాష రాకున్నా ఆ చెయ్యి చూసి మేనేజర్‌కు సమజైంది. “ఒప్పుకుంది గదా! చెప్పు మేడంకు, జల్దీ” అన్నడు. ఫారెస్టాయన కుర్చీ ముందుకు జరుపుకున్నడు.

జోగమ్మ ఇంక మాట్లాడుతనే ఉంది. మేడం నా మొఖం చూస్తుంది. “ఆమెనే పెట్టింది” అంటె అబద్ధం కాదు. అక్కడ ఆగితె చాలు. ఊరికి నెట్, నాకు నౌకరీ, జోగమ్మకు కేసు.

“ఆగు సార్, ఆమె అయిపోలే” అన్న.

జోగమ్మ కూసున్నంక మొత్తం చెప్పిన ఇంగ్లీషుల: “మంట నేనే పెట్టిన. ఏటేటా పెడత, నా అత్త కూడ పెట్టేది. వైరు చుట్ట చూసిన. పక్కకు జరుపుదమనుకున్న. ముట్టొద్దని మీరే చెప్పిండ్రు, ముట్టలే.”

మేడం మెల్లగ అడిగింది: “చెట్ల కింద మంట పెడ్తమని వైరు కట్టేటోళ్లకు మీరెవ్వరు చెప్పలేదా?” నేను దాన్ని కోయల తిప్పి అడిగిన. ఒక ముసలాయన నవ్విండు. “వాళ్లు వానల వచ్చిండ్రు. అప్పుడు మేం వరి గురించే మాట్లాడతం” అన్నడు. అదీ చెప్పిన.

కేసు కాలే. నెట్ కూడ రాలే. మేడం పోయినంక ఆ పైసలు వేరే జిల్లాకు పోయినయన్నరు. మేనేజర్ నన్ను తీసేసిండు, పని లేదన్నడు. అది నాకు ముందే ఎరికే. ఊరోళ్లు మెచ్చుకుంటరనుకున్నవా? జోగమ్మ మరిది నా మొఖం మీదనే అన్నడు: “ఒక్క మాటతోని ఆపితె ఏం పోతుండె పంతులు బిడ్డా? మళ్ల గుట్ట ఎక్కుతున్నం.” జోగమ్మ పక్కనుంచి, “నీకేంది, జైలుకు నువ్వు పోతవా? అక్కడ ఫ్యాన్ ఉంటదంట, పో” అన్నది. నవ్విండ్రు. ఆయన మాత్రం నవ్వలే. ఆయన కోడలికి నెలలు నిండినయ్, మంచంల మోసి గుట్ట దాటించిండ్రు. ఇద్దరూ బతికిండ్రు. బతకకపోతె ఈ ముచ్చట నేను నీకు ఎట్ల చెప్తుంటినో నాకే తెల్వదు. ఏడాదిన్నరకు సర్కారు టవర్ వచ్చింది, గుట్ట మీద.

నువ్వు వైరు గుంజే ముందు ఆ దారెంట ఇప్పపువ్వు కాలంల ఒకసారి నడువు. నడిచినంక కూడ ఊరోళ్లను అడుగు.

నేనైతె ఆ వరండాలనే అనుకున్న, ఇంకొకరి మాట నా నోట్లనుంచి పోతె సగంల తెంపనని. ఇప్పుడు దవాఖానాల కోయోళ్ల మాట డాక్టర్లకు నేనే చెప్పాలె. మొన్న డాక్టర్, “షార్ట్‌గ చెప్పమ్మా, క్యూ ఉంది” అన్నడు. ఆ ముసలామె కడుపునొప్పి కాడ మొదలుపెట్టి మేక చచ్చిన కాడికి పోయింది. వెనక క్యూ లొల్లి పెట్టింది.

మేకతో సహా చెప్పిన.