డెబ్బై అయిదేండ్ల చరిత్ర

1982. ఒక చిన్న ఊళ్లో మునిసిపల్ కార్మికుల సంఘం ఆఫీసు. ఎదురుగా మనిషి లేకపోతే కార్యదర్శి యతిరాజులుకు నోరు పెగలదు. అందుకని, ఏదో చెప్పడానికి వచ్చిన వీధులు ఊడ్చే కుప్పమ్మను నిలబెట్టి, విదేశీ అతిథి ముందు రేపు చదవాల్సిన ఉపన్యాసం వల్లె వేస్తున్నాడు.

"సామీ, బయట..."

"ఉండు కుప్పమ్మా, మధ్యలో ఆపొద్దు. యాడికి వచ్చినాను?"

"జర్మనీ కాడికి."

"ఆఁ. పంతొమ్మిదొందల ఏడులో జర్మనీలో మన ప్రభుత్వ కార్మికుల అంతర్జాతీయ సమాఖ్య పుట్టినాది. రెండు మహాయుద్ధాలు దాని గొంతు నులిమినాయి. రెండుసార్లూ లేచి నిలబడినాది. ఎట్లుండాది?"

"బాగుండాది సామీ. ఎవురు పెట్టినారు దాన్ని?"

"నీలాంటోళ్లే. గ్యాసు పనోళ్లు, నీళ్ల పనోళ్లు."

"వాళ్లకీ సేతులు తెగినాయేమో."

"అది చరిత్రలో లేదు. చేతికి కట్టు ఉండాది గదా, పుత్తూరు ఎముకల కట్టుకు పోకపోయినావా?"

"ఎముక ఇరగలేదు సామీ. మురికి మోరీ తీస్తాంటే గాజుపెంకు దిగినాది. సోమవారం పనికి రాకుంటే పేరు కొట్టేస్తానన్నాడు మేస్త్రీ. ఆ పేరు పోతే మా ఇంట్లో పొయ్యి వెలగదు. మీరు ఆయనతో ఒక్క మాట..."

"సభ కానీ. పందిరి వేయిస్తాండేది ఆయనే. ఇప్పుడు కదిలించకూడదు."

"పోనీ, ఆ దొర దేశమోళ్లు పంపించిన రబ్బరు తొడుగులు బీరువాలో ఉండాయి గదా. ఒక జత ఇస్తే ఏసుకొని రేపే పనికి పోతాను."

"వాటిని ముట్టుకుంటారా? నాలుగు నెల్లుగా పసుపు కుంకుమ పెట్టి భద్రంగా ఉంచినాము. రేపు దొర చేతుల మీదుగా ఇప్పించి ఫోటో తీయించల్ల."

"ఫోటో అయినాక మాకిస్తారా?"

"మళ్లీ ఇంకో దొర వస్తే? బీరువాలోనే పెట్టేస్తాము."

"సరే. నేను వచ్చింది దానికి కాదు సామీ. బయట..."

"ఎవురప్పా ఆ బయట గొణుగుతాండేది? ఈడ చరిత్ర చదువుతాండాము. కుప్పమ్మా, రేపు ఆ చెయ్యి కొంగులో దాచుకో. లేకుంటే సభకే రావద్దు. అందరికీ తొడుగులు పంచేసినామని దొరకు జాబు రాసినాను."

"అట్లనే సామీ."

"చివరి మాట విను. 'ప్రపంచంలో ఏ కార్మికుడి చెయ్యి తెగినా, ఆ నొప్పి మాకు ఈడ తెలుస్తాది.' ఎట్లుండాది?"

"కండ్లలో నీళ్లొస్తాండాయి."

"రావల్ల. దొరకు కూడా రావల్ల. సాయంత్రం ఆరింటి బస్సుకు దిగుతాడు, దండ తెచ్చినారో లేదో..."

"పొద్దున బస్సుకే దిగినాడు సామీ. సంఘం యాడుండాదని అడిగితే నేనే పిల్చుకొచ్చినాను. అదే సెప్పల్లని అప్పట్నించీ సూస్తాండాను. ఓరగా తీసిన ఆ తలుపు ఎనకాలే నిలబడుండాడు. తెలుగొచ్చిన మదరాసాయన పక్కనుండి మీ మాటలన్నీ ఆయన బాసలో సెప్తానే ఉండాడు. జర్మనీ కాడ ఇద్దరూ తలూపినారు. బీరువా కాడ్నించి దొర కాయితం తీసి రాసుకుంటాండాడు."