జవాబు చెప్తేగాని కదలని వీడియో

అరకు సంతలో భీముడి టీ కొట్టు దగ్గర సన్యాసిరావు నోరు తెరిచాడంటే, మళ్ళీ మూసేది సంత ఎత్తేశాకే. ఆయన ఇంటర్ కాలేజీలో అటెండరు. కనక ఆ పూట ఆయన్నే వెతుక్కుంటూ కొండ దిగి వచ్చింది. అదే కాలేజీలో చదివే కూతురు సౌందర్యకి ఫిజిక్స్ బుర్రకెక్కడం లేదు. సైన్సు మానేసి ఆర్ట్స్‌లో చేరతానని కాగితం రాసుకుంది. తల్లి సంతకమే తరువాయి, గడువు ఆ సాయంత్రమే. ఆ కాగితం కనక కొంగునే ఉంది. కాలేజీలో పాఠానికి ముందురోజే ఫోన్లో చూసి రమ్మని ఏవో వీడియోలు పెడుతున్నారని కనక విన్నది. అవి పనికొచ్చేవైతే పిల్లని సైన్సులోనే ఉంచాలని ఆమె ఆశ.

"బాబూ, ఆ వీడియోలతోటి సదువొత్తాదా?" అనడిగింది.

"ఎవులినడుగుతున్నావో తెలుసా అప్పా? రాజకుమారి మేడమ్ వీడియోకి ఫిజిక్స్ పాఠం సెప్తంటే ఫోను పట్టుకున్నోణ్ణి నానే."

అది నిజమే అయ్యుండొచ్చు. అక్కడితో ఆగితే ఆయన సన్యాసిరావే కాదు.

"పట్టుకోడమేటి, సగం పాఠం నానే సెప్పీసినాను. మద్దెలో టక్కున ఆగి ప్రశ్నడుగుతాది సూడు, ఆ అయిడియా నాదే. జవాబు నొక్కితేగాని కదల్దు. ఆ తర్వాత ఏటయిందో తెలుసా? గుంటలందరూ ఇంటికాడే నేర్సీసుకుని వచ్చీసినారు. మేడమ్‌కి సెప్పడానికేటీ మిగల్లేదు, పాపం."

"ఏటి ప్రశ్న బాబూ అది?"

"వత్తన్నాను. లంబసింగిలో టూరిస్టెవడో ఫోను పారీసుకుంటే ఎలుగుబంటి తీసింది. అందులో ఆడతన్నది మన వీడియోయే. తప్పు నొక్కింది. 'మళ్ళీ ఆలోచించు' అన్నాది వీడియో. మూడ్రోజులు తిండి మానీసి ఆలోచించి, నాలుగోరోజున కరెక్టు నొక్కిందప్పా."

"హాల్‌టికెట్టిచ్చీసినారేటి దానికి?" అన్నాడు భీముడు, టీ వడపోస్తూ.

"నవ్వకు. డొంకరాయిలో ఇంజినీరు అదే వీడియో పెట్టుకున్నాడు. ప్రశ్న కాడ వీడియో ఆగింది, దాంతోటి డ్యాములో నీళ్ళూ ఆగిపోనాయి. ఊళ్ళకి కరెంటు లేదు. బేగి నాకు ఫోను సేసినారు. నాను జవాబు సెప్పానో లేదో, నీళ్ళు కదిలిపోనాయి."

అందరూ నవ్వారు. కనక నవ్వలేదు. తప్పు చెప్తే తిట్టకుండా మళ్ళీ అడిగే పంతులు ఆమె ఎరుకలో ఒక్కడూ లేడు. అదొక్కటే ఆమె మనసుని పట్టుకుంది.

"అసలా ప్రశ్నేటో సెప్పు బాబూ."

సన్యాసిరావుకి ఇక తప్పలేదు. "బాల్చీ నీళ్ళలో కాఫీ పళ్ళు పోసినాం. కొన్ని తేలినాయి, కొన్ని మునిగినాయి. ఏవి మంచివి అని ప్రశ్న. తేలినవే మంచివి. పుచ్చువి బరువెక్కి మునుగుతాయి. అదే సైన్సు."

కొట్టు దగ్గరున్న వాళ్ళంతా కాఫీ రైతులే. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"మంచి పండు మునుగుతాది బాబూ," అంది కనక మెల్లిగా. "తేలేవి లోపల గింజ లేనివి. కోసిన పళ్ళు నీళ్ళలో పోసి ఆటినే ముందు తీసి పారీస్తాం."

"అయితే డొంకరాయి నీళ్ళు ఈ జవాబుకేనా కదిలినాయి?" అన్నాడు భీముడు.

సన్యాసిరావుకి ఉన్నట్టుండి కాలేజీలో గంట కొట్టాల్సిన పని గుర్తొచ్చింది.

కనకకి ఆయన మీద కోపం రాలేదు. గుండెల మీంచి బరువు దిగింది. "ఆ వీడియో అడిగే ఫిజిక్స్ ఇదేనా? నా గుంట అయిదో ఏటి నుంచి నా పక్కన కూకుని తేలిన పళ్ళు ఏరుతున్నాది. దానికి ఫిజిక్స్ రాదని ఎవులన్నారు?" అంటూ, సంతకం పెట్టని కాగితాన్ని భీముడి పొయ్యిలో పడేసింది.